చెన్నై రన్‌వే మీద మూడు మిల్లీమీటర్ల నీళ్లు: విమానాశ్రయ అధికారులకు బహిరంగ లేఖ

చెన్నై విమానాశ్రయ డైరెక్టర్ గారికి, పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అధికారులకు, చెన్నైకి విమానాలు నడిపే సంస్థల ఆపరేషన్స్, శిక్షణ విభాగాల పెద్దలకు నమస్కారం.

చలికాలంలో విమాన భద్రత అనగానే అందరి చూపూ ఢిల్లీ పొగమంచు మీదికే పోతుంది. అక్కడ డిసెంబర్ 10 నుంచి ఫిబ్రవరి 10 దాకా ప్రత్యేక శిక్షణ ఉన్న పైలట్లనే పంపాలన్న నియమం ఉంది. మన పక్కన బెంగళూరులో కూడా తెల్లవారుజాము పొగమంచు కోసం దక్షిణ రన్‌వేని దట్టమైన పొగమంచులోనూ దిగగలిగే క్యాట్ త్రీ-బీ స్థాయికి తెచ్చుకున్నారు. చెన్నై చలికాలం ఆ రకం కాదు. అక్టోబర్ మూడో వారంలో ఈశాన్య రుతుపవనాలు దిగింది మొదలు డిసెంబర్ చివరి దాకా మనకి వాన, తుపాను, ఈదురుగాలి. ఆ తర్వాత జనవరిలో ఒక్క రోజు భోగి పొగ. దీనికి తగ్గ సన్నాహం కూడా వేరేగా ఉండాలి. మా అభ్యర్థన ముఖ్యంగా ఒక్కటే: రన్‌వే మీద ఎక్కడ ఎంత నీరు నిలిచిందో కొలిచి, దాచకుండా, వెంటనే పైలట్‌కి చెప్పండి. తక్కినవన్నీ దాని చుట్టూ తిరిగేవే.

తెలుగులో ఎందుకు రాస్తున్నామంటే, తడ, సూళ్లూరుపేట, నాయుడుపేట, నగరి, పుత్తూరు వాళ్లు గల్ఫ్‌కి వెళ్లాలన్నా సింగపూర్‌కి వెళ్లాలన్నా ఎక్కేది చెన్నై విమానాశ్రయం ఉన్న మీనంబాక్కంలోనే. పైగా భోగి మంటల సంగతి మన ఇళ్లలోనే తేలాల్సింది.

ముందు కోడ్ సంగతి, అంటే రన్‌వే ఎంత జారేలా ఉందో పైలట్‌కి చెప్పే అంకె సంగతి. 2005 డిసెంబర్ 8న షికాగో మిడ్‌వే విమానాశ్రయంలో మంచు కురుస్తుండగా దిగిన బోయింగ్ 737 రన్‌వే దాటిపోయి, ప్రహరీని గుద్దుకుని రోడ్డు మీదికి వెళ్లింది. కారులో ఉన్న ఒక పిల్లవాడు చనిపోయాడు. రన్‌వే ఎలా ఉందో ఒకరు ఒక మాటలో చెబితే, ఇంకొకరు దాన్ని ఇంకో రకంగా అర్థం చేసుకునే పాత పద్ధతి పనికిరాదని అప్పుడు తేలింది. అమెరికాలో దాని మీద జరిగిన పని నుంచే ఇప్పటి పట్టిక వచ్చింది. 2021 నవంబర్ 4 నుంచి అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ దాన్ని ప్రపంచమంతటా అమల్లోకి తెచ్చింది. రన్‌వేని మూడు భాగాలు చేసి ఒక్కో భాగానికి 6 నుంచి 0 దాకా కోడ్ ఇవ్వాలి. పొడిగా ఉంటే 6. తడిగా ఉన్నా నీరు 3 మిల్లీమీటర్లు మించకపోతే 5. తడిసినప్పుడు జారుతుందని తేలిన రన్‌వే అయితే 3. నీరు 3 మిల్లీమీటర్లు దాటి నిలిస్తే 2.

మంచు దేశాల కోసం పుట్టిన పద్ధతి కదా, మనకెందుకులే అన్న చిన్నచూపు మన వైపు ఇంకా పోలేదు. పట్టికని ఒకసారి దగ్గరగా చూడండి. నిలిచిన నీరు, కరిగి బురదగా మారిన మంచు రెండూ ఒకే వరుసలో ఉంటాయి. అంటే మీనంబాక్కంలో నాలుగు మిల్లీమీటర్ల నీళ్లలో దిగే విమానానికి బ్రేకు పట్టే తీరు, మంచు బురదలో దిగే విమానానికి పట్టినట్టే ఉంటుంది. 5 నుంచి 2కి దిగడానికి మధ్యలో మెట్లేమీ లేవు, ఒక్క మిల్లీమీటరు తేడా చాలు. ఆ తేడాతో పైలట్ లెక్కలన్నీ మారిపోతాయి. ఎయిర్‌బస్ ఏ320 తరహా విమానానికి కోడ్ 5 ఉన్నప్పుడు ఎదుర్కోదగ్గ అడ్డగాలి, ఝాపుతో (ఒక్కసారిగా విసిరే గాలితో) కలిపి 38 నాట్లు (నాట్ అంటే గాలి, విమాన వేగాల కొలత). కోడ్ 2 అయితే 20 నాట్లే. 25 నాట్ల అడ్డగాలి వీస్తుంటే, 5 అని చెబితే దిగొచ్చు, 2 అని చెబితే దిగకూడదు. ఆ నిర్ణయం పైలట్‌దే అయినా, దానికి ఆధారం మీ జీపులో తిరిగే ఇన్‌స్పెక్టర్ రాసే ఒక అంకె.

ఆ అంకె తప్పడానికి ఒక పెద్ద కారణం పద్ధతిలోనే ఉంది. రన్‌వే మూడు భాగాల్లో ఏదైనా ఒకదానిలో నీరు నిలిచిన మేర 25 శాతం మించకపోతే కోడ్ కిందికి దిగదు. చెన్నై ప్రధాన రన్‌వే పొడవు 3,662 మీటర్లు, అంటే ఒక్కో భాగం దాదాపు 1,220 మీటర్లు. అందులో 200 మీటర్ల మేర అడ్డంగా నీరు నిలిచిందనుకోండి, అది 16 శాతమే. మిగతాదంతా తడిగా ఉంది కాబట్టి నివేదికలో 5 అనే వెళుతుంది. నియమం ప్రకారం తప్పేమీ లేదు. కానీ ఆ 200 మీటర్లు సరిగ్గా చక్రాలు నేలను తాకే చోట ఉంటే, పైలట్‌కి అందిన 5 అక్కరకు రాదు. నివేదికలో మామూలు మాటల్లో రాసే వ్యాఖ్య భాగం ఉన్నది ఇందుకే. "07 అంచు (రన్‌వే పడమటి కొస) నుంచి ఇన్ని మీటర్ల దగ్గర, ఇంత పొడవున, ఇంత లోతున నీరు నిలిచి ఉంది" అన్న ఒక్క వాక్యం చాలు. దాన్ని ఖాళీగా వదిలేసే అలవాటు పోవాలి.

నీరు ఎక్కడ నిలుస్తుందో ముందే తెలుస్తుంది, వెతుక్కోవలసిన పని లేదు. 45 మీటర్ల వెడల్పు రన్‌వేకి మధ్య నుంచి రెండు వైపులా 1.5 శాతం వాలు ఉంటే, నడిమికీ అంచుకీ ఎత్తులో తేడా 34 సెంటీమీటర్లు. వాన నీరు ఆ వాలు మీదే జారిపోవాలి. చెన్నైలో రెండు రన్‌వేలు ఒకదాన్నొకటి అడ్డంగా దాటుతాయి. రెండింటి వాలునీ ఒకే చోట పూర్తిగా నిలబెట్టడం కుదరదు, కూడలి దగ్గర ఎంతో కొంత చదును చేయక తప్పదు. అందుకని కూడలి మొదటి అనుమానిత స్థలం. రెండోది, బరువైన విమానాల చక్రాలు ఏళ్ల తరబడి నొక్కి సన్నటి గాడి పడిన చారలు. మూడోది, అడ్డగాలి వీచేటప్పుడు గాలి వచ్చే వైపు సగం. గాలి నీటిని వాలుకి ఎదురు తోసి పట్టి ఉంచుతుంది, ఆ పక్క లోతు పెరుగుతుంది. ఇన్‌స్పెక్టర్ సెంటర్‌లైన్ మీద బండి ఆపి ఒక్క చోట కొలిస్తే ఈ మూడూ తప్పిపోతాయి. ఈ చోట్లకి శాశ్వత గుర్తులు పెట్టి, ప్రతి తనిఖీలో అక్కడే కొలవాలి. వాన జోరు మారిన ప్రతిసారీ మళ్లీ వెళ్లాలి. లోతు మూడు మిల్లీమీటర్లు పెరిగితే కొత్త నివేదిక ఇవ్వాలని నియమమే చెబుతోంది, గంటకోసారి అన్న లెక్క సరిపోదు.

రబ్బరు గురించి. దిగేటప్పుడు చక్రాలు వదిలే రబ్బరు టచ్‌డౌన్ భాగంలో రాయి మీది గరుకుదనాన్ని పూడ్చేస్తుంది. ఎండాకాలంలో దాంతో ఇబ్బంది తెలీదు, మొదటి వానకే తెలుస్తుంది. రన్‌వే పట్టు కొలిచే ఫ్రిక్షన్ టెస్టర్ బండిని ఒక మిల్లీమీటరు నీరు చల్లుకుంటూ, సెంటర్‌లైన్‌కి రెండు వైపులా దాదాపు మూడు మీటర్ల దూరంలో, గంటకి 65 కిలోమీటర్ల వేగంతో నడిపితే వచ్చే విలువ 0.60 కంటే తగ్గితే మరమ్మతుకి సిద్ధం కావాలి. 0.50 కంటే తగ్గితే రన్‌వే జారుతుందని ప్రకటించాలి. 95 కిలోమీటర్ల వేగంలో ఆ హద్దులు 0.47, 0.34. ఈ రెండో పరీక్ష ముఖ్యం, ఎందుకంటే వేగం పెరిగే కొద్దీ నీటిని బయటికి తోసేది రన్‌వే మీది గాడులు, గరుకు మాత్రమే. 65లో బాగుండి 95లో పడిపోయిన రన్‌వే అంటే గాడులు పూడిపోయాయని అర్థం. ఇంకో మెలిక ఉంది. మొత్తం రన్‌వే సగటు తీస్తే ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది, ఎందుకంటే నడిమి భాగంలో రబ్బరే ఉండదు. ప్రతి 100 మీటర్లకీ విడిగా విలువ చూడాలి. హద్దు కంటే తక్కువ ఉన్న 100 మీటర్ల ముక్క ఒక్కటి కనబడినా పని మొదలుపెట్టాలి. రబ్బరు తీసే పని సెప్టెంబర్‌లో ముగించి, అక్టోబర్ 10 లోపు మళ్లీ కొలిచి, ఆ అంకెలని విమాన సంస్థలకి పంపండి. వానలు మొదలయ్యాక రాత్రిపూట రన్‌వే మూసే వీలు దొరకదు.

దీపాల గురించి ఎక్కువ చెప్పం. రన్‌వే దీపాలు వరుస సర్క్యూట్‌లో 6.6 ఆంపియర్ల స్థిర కరెంటుతో నడుస్తాయి, ప్రతి దీపానికీ నేలలో గుంటలో ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. గుంటలోకి నీరు చేరి కనెక్టర్ తడిస్తే ఇన్సులేషన్ పడిపోయి, సరిగ్గా అవసరమైన రాత్రి సర్క్యూట్ మొత్తం మసకబారుతుంది. ప్రతి సర్క్యూట్‌కీ వానలకి ముందు మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే పరికరం) పెట్టి విలువ రాసుకోండి, మొదటి పెద్ద వాన తర్వాత మళ్లీ పెట్టండి. రెండు విలువల మధ్య తేడాయే ఏ సర్క్యూట్‌లోకి నీరు చేరుతోందో చెబుతుంది. కాంతి సగానికి పడిపోయిన దీపం వెలుగుతున్నా చెడిపోయినట్టే లెక్క. గాజు మీద బురద, రబ్బరు పొర పేరుకోవడం వల్ల కూడా అంత తగ్గుతుంది. తుడిస్తే పోతుంది.

అడయారు నది విషయంలో ఇంకాస్త ఆగాలి. రెండో రన్‌వే ఆ నది మీద వంతెన దాటి పోతుంది. 2015 డిసెంబర్‌లో నీరు లోపలికి వచ్చి విమానాశ్రయం రోజుల తరబడి మూతబడింది. 2023 డిసెంబర్ 4న మిచాంగ్ తుపానుకి రన్‌వే మళ్లీ మునిగింది. అడయారులో నీరు ఎంత వస్తుందన్నది చాలావరకు చెంబరంబాక్కం చెరువు గేట్ల మీద ఆధారపడి ఉంది. ఆ చెరువు పూర్తి మట్టం 24 అడుగులు. గేట్లు ఎప్పుడు, ఎంత ఎత్తుతున్నారన్న సమాచారం జలవనరుల శాఖ నుంచి నేరుగా టవర్‌కీ, ఏరోడ్రోమ్ ఆపరేషన్స్‌కీ చేరాలి. టీవీ స్క్రోలింగ్ చూసి తెలుసుకునే పరిస్థితి ఉండకూడదు. వంతెన కింద గుర్రపుడెక్క, ప్లాస్టిక్ చెత్త అక్టోబర్‌కి ముందే తీయించాలి. నీరు తీశాక తెరిచే ముందు ఒండ్రు పొర కడిగించాలి. ఎండిపోతున్న ఒండ్రు మామూలు తడి కంటే ఎక్కువ జారుతుంది. వానపాముల కోసం వచ్చే కొంగలు, కాకులు మరో బెడద.

తుపాను రోజుల్లో ఏ రన్‌వే వాడాలన్న ప్రశ్న కూడా ఇక్కడే వస్తుంది. ఈశాన్య గాలికి 07 వైపు దిగడం సహజం. కానీ తుపాను కేంద్రం ఎటు పోతుందో దాన్ని బట్టి గాలి తిరుగుతుంది. 2024లో ఫెంగల్ లాగా పుదుచ్చేరి వైపు దక్షిణంగా తీరం దాటితే చెన్నైలో గాలి తూర్పుకి మళ్లుతుంది, 07కి అది ఎదురుగాలే. మిచాంగ్ లాగా తీరం వెంబడి ఉత్తరానికి, బాపట్ల దాకా పోతే గాలి ఉత్తరం నుంచి వాయవ్యానికి, పడమటికి తిరుగుతుంది. అప్పుడు 07 మీద దిగే విమానానికి అది వెనకగాలి. పది నాట్ల వెనకగాలికి ఆగే దూరం దాదాపు 20 శాతం పెరుగుతుంది, తడి రన్‌వే మీద ఇది మామూలు విషయం కాదు. క్యూలో పది విమానాలు ఉన్నాయి, ఇప్పుడు దిశ మారిస్తే ఆలస్యం అవుతుందన్న ఆలోచనతో మార్పు వాయిదా వేయకండి. వాతావరణ శాఖ వాళ్లు గాలి తిరిగే వేళని గంటల ముందే అంచనా వేయగలరు. ఆ అంచనా ప్రకారం మార్పుకి సమయం ముందే నిర్ణయించుకోవచ్చు. టవర్ చెప్పే గాలి రెండు నిమిషాల సగటు అన్నది కూడా మరచిపోకూడదు, ఝాపు విలువ అడగకుండానే చెప్పాలి.

విమాన సంస్థలకి మా మాట కాస్త కటువుగా ఉంటుంది, మన్నించండి. 2020 ఆగస్టు 7న కోళికోడ్‌లో విమానం రన్‌వే దాటిపోయి 21 మంది చనిపోయారు. వాన, వెనకగాలి, 2,700 మీటర్ల రన్‌వేలో సగం దగ్గర, 1,350 మీటర్ల దాకా వెళ్లి నేల తాకడం. 140 నాట్ల వేగం అంటే సెకనుకి 72 మీటర్లు. నేలకి దగ్గరగా తేలుతూ అయిదు సెకన్లు గడిస్తే 360 మీటర్లు పోయినట్టే, అవి మళ్లీ రావు. ఏ320 తరహా విమానం టైర్లలో గాలి ఒత్తిడి 200 పీఎస్ఐ దగ్గర ఉంటుంది. దాని వర్గమూలాన్ని 9తో గుణిస్తే 127 నాట్లు. అంతకు మించిన వేగంలో, తగినంత లోతు నీళ్లలో, తిరుగుతున్న చక్రం కూడా నీటి మీదే తేలుతుంది. అప్పటికింకా తిరగడం మొదలుపెట్టని చక్రానికైతే 109 నాట్లకే ఆ గతి పడుతుంది. అందుకే తడి రన్‌వే మీద గట్టిగా, చెప్పిన చోటే దించాలి. చక్రం నీటి పొరని చీల్చుకుని నేలను తాకి తిరగాలి, రెక్కల మీది స్పాయిలర్ పలకలు లేవాలి, ఇంజిన్ తోపుని ముందుకి మళ్లించి వేగం తగ్గించే రివర్స్ వెంటనే తీయాలి. "ఎంత మెత్తగా దించాడో" అని ప్రయాణికులు మెచ్చుకునే ల్యాండింగ్ నవంబర్ వానలో చెన్నైకి పనికిరాదు. కుదుపు వచ్చిందని ఫిర్యాదు అందితే సంస్థ ముందు రన్‌వే కోడ్ ఎంత ఉందో చూడాలి, పైలట్‌ని సంజాయిషీ అడగడం తర్వాత.

అడ్డగాలిలో విమానం పక్కకి జారడం మొదలైతే ఇంకో తప్పు జరుగుతుంది. ముక్కు గాలి వైపు తిరిగి ఉండగా పూర్తి రివర్స్ పట్టుకునే ఉంటే అదే విమానాన్ని గాలి వాలుకి లాగేస్తుంది. రివర్స్‌ని ఐడిల్‌కి (కనీస స్థాయికి) తగ్గించి, బ్రేకు వదిలి, నిటారుగా తెచ్చుకుని, మళ్లీ రెండూ వేయాలి. భయంతో ఉన్న కాలు బ్రేకు వదలదు. ఏడాదికోసారి సిమ్యులేటర్‌లో కోడ్ 2 రన్‌వే, 20 నాట్ల అడ్డగాలితో ఇది చేయించండి, అక్టోబర్‌కి ముందే.

గో-అరౌండ్ మాట. వెయ్యి అడుగులకి వచ్చేసరికి వేగం, దిగే రేటు, చక్రాలు, ఫ్లాప్‌లు అన్నీ కుదురుకోకపోతే మళ్లీ పైకి లేవాలన్నది అందరికీ తెలిసిన నియమం. కుదురుకోని అప్రోచ్‌లలో (దిగడానికి వచ్చే ప్రయత్నాలలో) గో-అరౌండ్ చేసేవి నూటికి మూడు మాత్రమేనని ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ తేల్చింది. మిగతా 97 దిగిపోతాయి, చాలావరకు బాగానే దిగుతాయి కూడా. అదే చెడ్డ అలవాటుకి ఊతం. 2024 నవంబర్ 30న ఫెంగల్ గాలిలో నేల దాకా వచ్చి ఊగిపోయి పైకి లేచిన విమానం వీడియోని మన చానళ్లు "తృటిలో తప్పిన ప్రమాదం" అని రోజంతా తిప్పాయి. ఆ పైలట్ చేసింది పాఠ్యపుస్తకంలో ఉన్న పని. సంస్థ లోపల కూడా దాన్ని అలాగే చూడాలి. లేచినందుకు ఏ ప్రశ్నా ఉండకూడదు. అడగాలంటే, కుదురుకోకుండా దిగినవాళ్లనే అడగాలి.

దానికి ఇంధనం ఉండాలి. అక్టోబర్ 15 నుంచి డిసెంబర్ 31 దాకా చెన్నైకి వచ్చే ప్రతి విమానానికీ రెండో అప్రోచ్‌కీ, అరగంట చక్కర్లకీ సరిపడా ఇంధనం నియమిత నిల్వకి అదనంగా వేయండి. ప్రత్యామ్నాయంగా తిరుపతి రాస్తే కాగితం మీద దగ్గరగా, చవకగా కనిపిస్తుంది. కానీ చెన్నై మీదున్న వాయుగుండమే రేణిగుంట మీదా ఉంటుంది, అక్కడ విమానాలు నిలిపే చోటూ తక్కువే. నిజంగా వెళ్లేది బెంగళూరుకో హైదరాబాద్‌కో. అందరూ ఒకేసారి బెంగళూరుకే మళ్లితే అక్కడ స్టాండ్‌లు నిండిపోతాయి. ఎన్ని ఖాళీలున్నాయో చెన్నై టవర్‌కి గంట గంటకీ తెలిసే ఏర్పాటు ఉంటే, పైలట్ దారి మళ్లే నిర్ణయం ముందే తీసుకుంటాడు.

ఇక భోగి. 2018 జనవరి 13 తెల్లవారుజామున పొగ కమ్మి చెన్నైలో విమానాలు దిగలేకపోయాయి, ఎన్నో రద్దయ్యాయి, ఎన్నో దారి మళ్లాయి. తెల్లవారుజామున గాలి కదలదు, నేల దగ్గర చల్లగాలి, పైన వెచ్చటి పొర మూతలా పరుచుకుని ఉంటుంది. సముద్రపు తేమ ఎలాగూ ఉంది. పొగలోని రేణువుల మీద ఆ తేమ పట్టి, పొగా మంచూ కలిసిన ముద్ద ఎండ ఎక్కే దాకా కదలదు. పైలట్‌కి ఇందులో ఒక మోసం ఎదురవుతుంది. పొర పల్చన కాబట్టి పై నుంచి నిలువుగా చూస్తే రన్‌వే, దీపాలు చక్కగా కనిపిస్తాయి. దిగుతూ 200 అడుగులకి వచ్చేసరికి రన్‌వే అంచు ఇంకా 870 మీటర్ల దూరంలో ఉంటుంది, చూపు ఆ పొరలో ఏటవాలుగా పోవాలి, ఉన్నట్టుండి అంతా తెల్లబడుతుంది. నేల తాకడానికి అప్పటికి 17 సెకన్లే మిగిలి ఉంటాయి. "ఇందాక కనిపించింది కదా" అని కొనసాగించకూడదని భోగి ముందు రోజు బ్రీఫింగ్‌లో చెప్పి తీరాలి. దృశ్యత కొలిచే పరికరాల అద్దాలు ముందు రోజు సాయంత్రం తుడిపించాలి. మన బెంగళూరులోని విమాన పరిశోధన సంస్థ నాల్ తయారుచేసిన దృష్టి పరికరమైనా, ఇంకేదైనా, మసి పట్టిన అద్దంతో తప్పే చూపిస్తుంది. ఆ ఒక్క రోజు ఉదయం నాలుగున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా రాకపోకల షెడ్యూల్ పల్చన చేయమని సంస్థలకి డిసెంబర్‌లోనే చెప్పండి.

పల్లావరం, పమ్మల్, అనకాపుత్తూరు, పొళిచ్చలూరు, మణపాక్కం, నంగనల్లూరులో ఉండే తెలుగువాళ్లకి కూడా ఈ లేఖలోనే ఒక మాట. పిడకల దండ, నాలుగు ఎండు కట్టెలతో వాకిట్లో చిన్న మంట వేసుకుంటే ఎవరికీ ఇబ్బంది లేదు. పాత టైర్లు, పరుపులు, ప్లాస్టిక్ కుర్చీలు అందులో వేయకండి, నల్లటి పొగ వచ్చేది వాటి నుంచే. అపార్ట్‌మెంట్ సంఘాలు ఇంటింటికీ ఒక మంట బదులు అందరికీ కలిపి ఒకటే వేసుకోవచ్చు. పాత సామాను ముందు రోజే కార్పొరేషన్ బండికి ఇచ్చేయొచ్చు. విమానాశ్రయం వాళ్లు ఈ విజ్ఞప్తిని తమిళంతో పాటు తెలుగులోనూ అచ్చు వేయించి, జనవరి మొదటి వారానికల్లా ఆ వార్డుల్లో పంచితే, ఇంటింటికీ తీసుకెళ్లే పని మేం చూసుకుంటాం.

ఇట్లు,
చెన్నైలో పనిచేస్తున్న, పనిచేసి విరమించిన కొందరు తెలుగు విమానయాన ఉద్యోగులు